డీఎంజడ్‌లో పెట్టేశాం సార్, ఇంక ఢోకా లేదు!

మొన్న సంక్రాంతికి తెనాలి వెళ్ళి మూడు రోజులున్నాను. రెండో రోజు మధ్యాహ్నం, అందరూ భోంచేసి నడుం వాల్చాక, ఊరికే కూర్చోలేక మా ఇంటి రౌటరులోకి లాగిన్ అయ్యాను. (పండక్కి వెళ్ళి గారెలు తిని పడుకోక ఇదేం రోగమని అనకండి. ఇరవయ్యేళ్ళుగా నెట్‌వర్కుల మధ్యే బతుకుతున్నవాడికి అదీ ఒక రకం పేకాటే.) అందులో కనబడింది చూశాక నాకు తిన్నది అరగలేదు. ఆ కోపమే ఈ టపా. కోపంలో సగం ఇతరుల మీద, సగం నా మీద.

ముందు కథ చెప్తాను, తిట్లు తర్వాత.

రెండేళ్ళ క్రితం మా నాన్న హాల్లో కాలు జారి పడ్డారు. అమ్మ గుడికెళ్ళింది. ఆవిడ తిరిగొచ్చేదాకా, దాదాపు గంటసేపు, ఆయన లేవలేక అలాగే నేల మీదున్నారు. ఆ దెబ్బకి డాలస్‌లో అక్కకి, హైదరాబాదులో నాకు నిద్రపట్టలేదు. అమ్మ వద్దంటున్నా వినకుండా నాలుగు కెమెరాలు పెట్టించాం. గేటు దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి, వరండాలో ఒకటి, హాల్లో ఒకటి. వాటన్నిటికీ కలిపి ఒక డీవీఆరు. దానికి కంపెనీవాళ్ళ క్లౌడ్ సదుపాయం కూడా ఉంది. ఫోన్లో యాప్ వేసుకుని, పెట్టె మీదున్న క్యూఆర్ కోడు చూపిస్తే చాలు, ఎక్కడినుంచైనా ఇల్లు కనబడుతుంది.

బిగించిన కుర్రాడు మొదట అలాగే బిగించాడు. వారం రోజులు బాగానే నడిచింది. తర్వాత ఒకరోజు అక్కకి బొమ్మ ఆగి ఆగి వచ్చింది. అక్క నాకు ఫోన్ చేసింది, నేను ఆ కుర్రాడికి చేశాను. అప్పుడు నేనో మీటింగులో ఉన్నాను. నేనన్న మాట నాకింకా గుర్తుంది: "ఏదో ఒకటి చేసి ఫోన్లో కనబడేలా చెయ్యి బాబూ."

చేశాడు. కేబుల్ నెట్టు ఆయన దగ్గర స్టాటిక్ ఐపీ తీసుకోమన్నాడు, నెలకి ఇంతని కట్టి తీసుకున్నాం. సాయంత్రం ఫోన్ చేసి, "డీఎంజడ్‌లో పెట్టేశాం సార్, ఫైర్‌వాలు కూడా ఆపేశాం, ఇంక ఢోకా లేదు" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? థాంక్స్ అన్నాను! ఆఫీసులో ఎవడైనా ఒక్క పోర్టు తెరవమంటే వంద ప్రశ్నలు వేసి, మూడు సంతకాలు పెట్టించుకునే నేను, మా అమ్మానాన్నల ఇంటికి ఉన్న తలుపులన్నీ పీకేస్తే థాంక్స్ చెప్పాను.

ఇహ మా అమ్మ సంగతి. ఆవిడ రోజూ మధ్యాహ్నం హాల్లోని కెమెరా మీద ఒక తుండుగుడ్డ కప్పేది. అక్క ఫోన్లో చూసి, తెర నల్లగా ఉందని నాకు చెప్పేది. నేను అమ్మకి ఫోన్ చేసి కసురుకునేవాణ్ణి. "అమ్మా, మేమిద్దరమే కదా చూసేది, ఇంకెవరు చూస్తారు? నాన్న మళ్ళీ పడితే ఎవరికి తెలుస్తుంది?" అనేవాణ్ణి. కొన్నాళ్ళకి కప్పడం మానేసింది.

సంక్రాంతి నాడు రౌటరు తెరిస్తే: ఫైర్‌వాలు ఆపేసి ఉంది. డీఎంజడ్‌లో డీవీఆరు చిరునామా ఉంది. డీవీఆరు పాస్‌వర్డు దాని నెత్తిమీదే స్టిక్కరు అంటించి రాసుంది, అది కూడా 'అడ్మిన్123'. (ఊళ్ళో అందరికీ ఇదే పెడతాడట, మర్చిపోయి ఫోన్లు చేస్తారని.) డీవీఆరులో లాగిన్ల చిట్టా తీశాను. మా అక్కవి ఉన్నాయి, నావి ఉన్నాయి. మా ఇద్దరివీ కానివి పేజీలకి పేజీలున్నాయి. అన్నీ 'అడ్మిన్' పేరుతోనే, సరైన పాస్‌వర్డుతోనే. అవతలివైపు మనిషే ఉన్నాడో, పాస్‌వర్డులు తిరగేసే ప్రోగ్రామే వచ్చి పోయిందో ఆ చిట్టా చెప్పదు. చూసే వీలు మాత్రం ఉంది, రెండేళ్ళపాటు ఉంది.

అమ్మ నిద్రలేచి టీ తెచ్చి, నా మొహం చూసి అడిగింది: "ఏరా, అందులోంచి మీరిద్దరే కదా చూసేది?"

ఆ ప్రశ్నకి నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

అదీ కథ. ఇప్పుడు అసలు విషయం.

మన దగ్గర ఒక వేదవాక్యం ఉంది: "వీడియో రావట్లేదా? ఫైర్‌వాలు ఆపెయ్." కెమెరా రాకపోయినా అంతే, మీటింగులో గొంతు తెగినా అంతే, సినిమా గిర్రున తిరుగుతూ నిలిచిపోయినా అంతే. దగ్గొచ్చినా జ్వరమొచ్చినా ఒకటే మాత్ర ఇచ్చే డాక్టరు లాంటి సలహా ఇది. నా వాదన సూటిగా చెప్తాను: క్లౌడ్ వీడియోకి బయటినుంచి లోపలికి ఒక్క పోర్టు కూడా తెరవాల్సిన పని లేదు. ఒక్కటంటే ఒక్కటి. తెరవమన్నవాడికి తెలియకైనా ఉండాలి, బద్ధకమైనా ఉండాలి.

ఎందుకో చెప్తాను. అపార్టుమెంటు వాచ్‌మన్ని తల్చుకోండి. మీరు ఫోన్ చేసి బిర్యానీ చెప్పారు, 302కి బిర్యానీ వస్తుందని వాచ్‌మన్‌కి తెలుసు, రాగానే పైకి పంపుతాడు. మీరు పిలవనివాణ్ణి గేటు దగ్గరే ఆపుతాడు. ఫైర్‌వాలు చేసేదీ అదే. లోపలున్న కంప్యూటరో కెమెరానో బయటి సర్వరుతో మాట మొదలుపెడితే ఆ సంగతి ఒక పట్టికలో రాసుకుంటుంది. దానికి జవాబుగా వచ్చేదాన్ని లోపలికి వదులుతుంది. ఎవరూ పిలవకుండా వచ్చినదాన్ని పారేస్తుంది.

క్లౌడ్ కెమెరా చేసేదేమిటి? తనే కంపెనీ సర్వరుకి ఫోన్ చేస్తుంది, మామూలుగా 443 పోర్టు మీద, మీ బ్యాంకు సైటు తెరిచినట్టే. ఆ గొట్టంలోనే వీడియో పైకి పోతుంది. మీ ఫోనూ అదే సర్వరుకి వెళ్ళి ఆ వీడియో తెచ్చుకుంటుంది. రెండు వైపులా మాట మొదలుపెట్టేది లోపలివాళ్ళే. కొన్ని కెమెరాలు ఇంకో తెలివైన పని చేస్తాయి. కెమెరా, ఫోను రెండూ ముందు సర్వరుతో మాట్లాడి ఒకరి చిరునామా ఒకరు తెలుసుకుని, ఒకేసారి ఒకరికొకరు ప్యాకెట్లు పంపుకుంటాయి. రెండు ఫైర్‌వాళ్ళూ "ఓహో, ఇది మావాడు మొదలుపెట్టిన మాటే" అనుకుని వదిలేస్తాయి. అది కుదరకపోతే మధ్యలో సర్వరు మోస్తుంది. ఇక్కడా మీరు తెరిచిన పోర్టు లేదు.

సినిమాలు చూడ్డానికైతే అసలు చెప్పక్కర్లేదు. వీడియో ముక్కలుముక్కలుగా 443 మీదే వస్తుంది, పాత పద్ధతిలో టీసీపీ మీద, 2021లో ప్రమాణంగా ఖరారైన క్విక్ పద్ధతిలో యూడీపీ మీద. ఫైర్‌వాలు ఆపితే సినిమా త్వరగా రాదు. ఆగి ఆగి వస్తోందంటే కారణం వైఫై కావచ్చు, కేబులాయన సాయంత్రం రద్దీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. వాచ్‌మన్ని పీకేస్తే లిఫ్టు త్వరగా వస్తుందా?

మరి డీఎంజడ్ అంటే ఏమిటి? పెద్ద ఆఫీసుల్లో దానికి వేరే గౌరవమైన అర్థం ఉంది. బయటివాళ్ళకి కనబడాల్సిన సర్వర్లని లోపలి నెట్‌వర్కు నుంచి విడగొట్టి, రెండు వైపులా కాపలా పెట్టే చోటు అది. ఇంటి రౌటరులో ఉండేది ఆ పేరు పెట్టుకున్న దొంగసరుకు. "ఎవరు ఎందుకొచ్చినా నన్నడక్కుండా 302కి పంపెయ్" అని వాచ్‌మన్‌కి చెప్పడమే అది. విడగొట్టడం ఏమీ ఉండదు. 302లోకి వచ్చినవాడు అక్కణ్ణించి మీ వంటింట్లోకీ పడగ్గదిలోకీ నడిచి పోవచ్చు.

మా కుర్రాడికి అసలు ఈ అలవాటు ఎక్కణ్ణించి వచ్చింది? పాత రోజుల నుంచి. క్లౌడ్ లేని కాలంలో డీవీఆరుని బయటినుంచి చూడాలంటే పోర్టు ఫార్వర్డింగు తప్ప దారి ఉండేది కాదు. వెబ్ పేజీకి 80, వీడియోకి 554, యాప్‌కి కొన్నిటికి 8000, కొన్నిటికి 37777, కొన్నిటికి 34567. ఏ పెట్టెకి ఏ నంబరో గుర్తుపెట్టుకోలేక, "అన్నీ పంపెయ్" అని డీఎంజడ్ నొక్కడం అలవాటైంది. పెట్టెలు మారాయి, అలవాటు మారలేదు. ఎద్దుబండి పోయి ట్రాక్టరొచ్చినా చేతిలో ముల్లుగర్ర పట్టుకునే ఉన్నాం.

ఇక్కడ నాకు రాబోయే ఎదురు ప్రశ్నలు తెలుసు. ఒక్కొక్కటే చూద్దాం.

"మా ఇంటి ఐపీ ఎవడికి తెలుసండీ? మేమేమన్నా అంబానీలమా?"

ఎవడికీ తెలియక్కర్లేదు. ఐపీవీ4 చిరునామాలు మొత్తం కలిపితే 430 కోట్లు కూడా లేవు. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు జడ్‌మ్యాప్ అని ఒక ప్రోగ్రామ్ రాశారు. గిగాబిట్ లైనున్న ఒక మామూలు కంప్యూటరు నుంచి, ప్రపంచంలోని ఆ చిరునామాలన్నిటిలో ఒక పోర్టు తెరిచి ఉందో లేదో 45 నిమిషాల్లోపు చూసెయ్యొచ్చని చూపించారు. అన్నం వండి వార్చేలోపు ప్రపంచంలోని తలుపులన్నీ ఒకసారి తోసి చూడొచ్చన్నమాట. తెరిచి ఉన్నవాటిని వెతికిపెట్టే షోడాన్ అనే వెతుకుడు యంత్రం 2009 నుంచీ ఉంది. మీకోసం ఎవడూ రాడు, నిజమే. కానీ అందరి తలుపులూ తోసేవాడు మీ తలుపూ తోస్తాడు.

"వస్తే రానీండి, మా గేటు బొమ్మ చూసి ఏం చేసుకుంటాడు?"

రెండు జవాబులు. మొదటిది, వాడికి మీ గేటు బొమ్మ అక్కర్లేదు, ఆ డీవీఆరులోని చిన్న కంప్యూటరు కావాలి. 2016లో మిరాయ్ అనే పురుగు చేసిందదే. 23, 2323 పోర్టుల మీద టెల్‌నెట్ తెరిచి ఉన్న కెమెరాలు, డీవీఆర్లు, రౌటర్లు వెతికి, కంపెనీ పెట్టి పంపిన అరవై చిల్లర పాస్‌వర్డులు తిరగేసి లోపలికి దూరింది. అలా లక్షల పెట్టెలు దాని చేతికొచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలాంటి పెట్టెలు కలిసి డైన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద పడితే, అమెరికాలో ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్, రెడిట్ లాంటివి గంటలకొద్దీ అందలేదు. మిరాయ్ రాసినవాళ్ళు ఏ దేశపు గూఢచారులో కాదు, ఇరవై ఏళ్ళ అటూ ఇటూ కుర్రాళ్ళు ముగ్గురు. 2017లో కోర్టులో తప్పు ఒప్పుకున్నారు. వాళ్ళ సైన్యంలో సిపాయిలెవరు? "మా గేటు బొమ్మతో ఏం చేసుకుంటాడు" అన్నవాళ్ళ పెట్టెలే.

రెండో జవాబు, అన్ని కెమెరాలూ గేటు మీదే ఉండవు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి లోపలి కెమెరా దృశ్యాలు యూట్యూబులోకీ, టెలిగ్రామ్‌లో అమ్మకానికీ వచ్చాయి. పరీక్షకొచ్చిన ఆడవాళ్ళవి. పోలీసులు పట్టుకుని అరెస్టులు చేశారు. కానీ బయటికెళ్ళిన బొమ్మ వెనక్కి రాదు కదా. ఆ వార్త చదివినప్పుడు "అయ్యో" అనుకుని పేజీ తిప్పాను. మా హాల్లోనూ ఒక కెమెరా ఉందని, అక్కడ మా అమ్మ తిరుగుతుంటుందని అప్పుడు నాకు తట్టలేదు.

"ఫైర్‌వాలు ఎందుకండీ, నాట్ ఉందిగా?"

నాట్ అనేది ఒక చిరునామాని పదిమంది పంచుకునే ఏర్పాటు. కాపలా దాని అసలు పని కాదు, పక్కపనిగా కొంత చేస్తుందంతే. రౌటరులో యూపీఎన్‌పీ అని ఒకటుంటుంది. అది ఉంటే లోపలున్న ఏ పెట్టె అయినా "నాకు ఫలానా పోర్టు తెరువు" అని మిమ్మల్ని అడక్కుండా తెరిపించుకోగలదు. పైగా ఐపీవీ6 వచ్చాక ఇంట్లో ప్రతి వస్తువుకీ ప్రపంచానికి తెలిసే చిరునామా ఉండొచ్చు, మధ్యలో నాట్ ఉండదు. అందుకే ఇంటి రౌటర్లు పిలవనివాణ్ణి మామూలుగా రానివ్వకూడదని 2011లోనే ఆర్ఎఫ్‌సీ 6092లో రాసిపెట్టారు. అక్కడ ఫైర్‌వాలు ఆపితే ఇంక గుమ్మం కూడా లేదు, బయలే.

ఇంకో తమాషా ఉంది. చాలా కనెక్షన్లలో రౌటరుకి వచ్చేది అసలు చిరునామానే కాదు, కంపెనీవాళ్ళ పెద్ద నాట్ వెనక ఉంటుంది. రౌటరు బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీదీ అదే బాపతు. అక్కడ పోర్టు ఫార్వర్డింగు పెట్టినా పనిచెయ్యదు. కానీ కెమెరా ఫోన్లో కనబడుతూనే ఉంటుంది! ఎలా? క్లౌడ్ ద్వారా. అంటే మన కుర్రాడు తెరిచిన తలుపు లోంచి కాదు, కెమెరా తనంతట తాను వేసుకున్న దారిలోంచే వస్తోంది. అయినా "డీఎంజడ్ పెట్టాకే వచ్చింది సార్" అంటాడు. కోడి కూసింది కాబట్టే తెల్లారిందన్నట్టు.

మా ఇంట్లో ఇంకా ఘోరం. స్టాటిక్ ఐపీకి నెలనెలా డబ్బు కట్టి మరీ అడ్డం తీయించుకున్నాం. ఆ రోజు అక్కకి బొమ్మ ఆగడానికి కారణం చివరికి ఏమిటో చెప్పనా? నాలుగు కెమెరాలూ పూర్తి నాణ్యతలో పైకి తోస్తున్నాయి. ఒక్కో 1080పీ కెమెరాకి రెండు నుంచి నాలుగు మెగాబిట్లు వేసుకున్నా నాలుగిటికీ ఎనిమిది నుంచి పదహారు దాకా అవుతుంది. మా కనెక్షన్లో పైకి పంపే వేగం అంత లేదు. యాప్‌లో సబ్‌స్ట్రీమ్ ఎంచుకుంటే అయిపోయేది. మొన్న అదే చేశాను, చక్కగా వస్తోంది. అర నిమిషం పని.

ఇప్పుడు రెండో వైపువాళ్ళని కూడా తిట్టకపోతే నాకు న్యాయంగా ఉండదు. వాళ్ళు ఆఫీసుల్లో, కాలేజీల్లో ఉండే ఫైర్‌వాలు పెద్దలు. 80, 443 తప్ప అన్నీ మూసేశాం, యూడీపీ మొత్తం మూసేశాం, మేము కడు భద్రం అని మీసం తిప్పుతారు. వీడియో మీటింగులకి యూడీపీ ఎందుకు కావాలో వాళ్ళు ఆలోచించరు. టీసీపీలో ఒక ప్యాకెట్టు తప్పిపోతే అది మళ్ళీ వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆగాలి. పెళ్ళి ఊరేగింపులో ముందున్న ఒక్కడి చెప్పు తెగితే ఊరేగింపంతా నిలబడ్డట్టు. యూడీపీలో ఆ ఒక్కణ్ణి వదిలేసి ముందుకెళ్తారు. మాటల్లో పదో వంతు సెకను ముక్క పోతే ఫర్వాలేదు, రెండు సెకన్లు ఆలస్యమైతే సంభాషణే చెడుతుంది.

ఏ పోర్టులు కావాలో ఆయా కంపెనీలు తమ పేజీల్లో రాసిపెట్టాయి. టీమ్స్‌కి యూడీపీ 3478 నుంచి 3481, మీట్‌కి 19302 నుంచి 19309, జూమ్‌కి 8801 నుంచి 8810. ఇవన్నీ లోపలినుంచి బయటికి మాత్రమే, ఆ కంపెనీలు ప్రకటించిన చిరునామాలకి మాత్రమే వదిలితే చాలు. ఇంత చిన్న పని చెయ్యకుండా "పాలసీ ఒప్పుకోదు" అంటారు. అప్పుడేమవుతుంది? పెద్ద మేనేజరుగారి మీటింగు నాలుగుసార్లు తెగుతుంది, ఆయనకి కోపమొస్తుంది, మర్నాడు ఆయన లాప్‌టాపుకి అన్ని నిబంధనల నుంచీ మినహాయింపు వస్తుంది. అన్నీ మూసినవాడే చివరికి అన్నీ తెరుస్తాడు. ఫైర్‌వాలు ఆపేసేవాడూ, అన్నీ బిగించేసేవాడూ అన్నదమ్ములే. ఏ ప్యాకెట్టు ఎక్కణ్ణించి ఎక్కడికి పోతోందో కనుక్కునే ఓపిక ఇద్దరికీ లేదు.

"సరేనయ్యా, క్లౌడే మంచిదంటావు, క్లౌడ్‌లో దొంగలు పడరా?"

పడతారు. 2021 మార్చిలో వెర్కాడా అనే అమెరికా కంపెనీ క్లౌడ్‌లోకి దూరినవాళ్ళకి ఒక పెద్ద అడ్మిన్ ఖాతాతో లక్షన్నర కెమెరాల దాకా చిక్కాయి. ఆసుపత్రులు, జైళ్ళు, బడులు అన్నీ. 2024 ఫిబ్రవరిలో వైజ్ కంపెనీ తమ వినియోగదారుల్లో దాదాపు 13,000 మందికి పక్కవాళ్ళ ఇళ్ళ బొమ్మలు వెళ్ళాయని ఒప్పుకుంది. 2019లో పాల్ మారపీజ్ అనే పరిశోధకుడు, కెమెరాల క్యూఆర్ కోడులో ఉండే నంబర్లు ఊహించదగ్గట్టు ఉన్న ఒక రకం పీర్-టు-పీర్ పద్ధతిని పట్టి చూపిస్తే, ఇరవై లక్షలకి పైగా పెట్టెలు ఆ బాపతువని తేలింది.

కాబట్టి క్లౌడ్ అంటే గంగాజలమని నేననట్లేదు. నేననేది వేరు. క్లౌడ్ కంపెనీని నమ్మడం మీరు తెలిసి చేసిన పని, ఒక్కణ్ణి నమ్ముతున్నారు. వాడు తప్పు చేస్తే నిలదీయడానికి ఒక పేరుంది. డీఎంజడ్ పెట్టడమంటే ఊరందరినీ, పేరు తెలియనివాళ్ళనీ నమ్మడం. అందులోనూ క్లౌడ్ ఎలాగూ ఉన్నప్పుడు, ఈ రెండో ప్రమాదాన్ని పనిలేకుండా కొని తెచ్చుకోవడం. తాళం నమ్మకం లేదని తలుపే పీకేస్తామా?

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. బ్రిటన్లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకటే పాస్‌వర్డు పెట్టి ఇలాంటి వస్తువులు అమ్మడం నిషేధం. మన దగ్గరా సీసీ కెమెరాలకి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2024లో ఉత్తర్వు ఇచ్చింది, 2025 ఏప్రిల్ 9 నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. కానీ ఆ పరీక్ష కెమెరాకి, మీ ఇంటి రౌటరు మీద ఎవడో నొక్కిన బటనుకి కాదు. హైదరాబాదులో పోలీసులు 'నేను సైతం' అని ప్రచారం చేసి కాలనీలవాళ్ళ చేత కెమెరాలు పెట్టించారు. కెమెరా పెట్టించమని చెప్పినంత గట్టిగా, పెట్టాక రౌటరులో ఏం చెయ్యకూడదో కూడా చెప్పాలని నా కోరిక.

ఇంతకీ ఆ కుర్రాణ్ణి తిట్టానా? పిలిపించాను. వచ్చాడు, చూపించాను. "అందరికీ ఇలాగే పెడతాం సార్, ఎప్పుడూ ఏం కాలేదు" అన్నాడు. తర్వాత కాస్త ఆగి ఇంకో మాట అన్నాడు. "బిగించినందుకే డబ్బులు సార్. తర్వాత కనబడట్లేదని ఎన్నిసార్లు పిలిచినా ఊరికే రావాలి. పెట్రోలు నాదే. అందుకని ఒకేసారి అన్నీ తెరిచేస్తాం." నాకు నోట మాట రాలేదు. వాడికి ఎవరూ నేర్పలేదు. భద్రంగా పెట్టినందుకు ఎవరూ ఒక్క రూపాయి ఎక్కువివ్వలేదు, కనబడకపోతే మాత్రం నాలాంటివాళ్ళు మీటింగుల్లోంచి ఫోన్లు చేసి కసురుకున్నారు. మనం దేనికి డబ్బిస్తామో అదే దొరుకుతుంది. మనం బొమ్మకి డబ్బిచ్చాం, బొమ్మ వచ్చింది.

అందుకే నా అసలు కోపం మనమీదే. ఈ రాష్ట్రాల్లో ఇల్లుకో సాఫ్ట్‌వేరు ఇంజనీరున్నాడంటారు. అమెరికాలో కూర్చుని బ్యాంకుల గోడలు కట్టేవాళ్ళం, అమ్మ ఇంటి గోడ ఒకసారి తట్టి చూడం. ఆఫీసులో ఎవరినీ నమ్మకూడదని పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి అడ్మిన్123 అంటాం.

ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక్క గంట కేటాయించండి. నేను మొన్న చేసినవి ఇవి:

1. రౌటరులో డీఎంజడ్ తీసేశాను, పోర్టు ఫార్వర్డింగులన్నీ చెరిపేశాను, యూపీఎన్‌పీ ఆపాను, ఫైర్‌వాలు వేశాను. ఐపీవీ6 పేజీలో కూడా చూడ్డం మర్చిపోకండి, అక్కడ వేరే బటనుంటుంది.

2. రౌటరుకి, డీవీఆరుకి, యాప్ ఖాతాకి మూడు వేర్వేరు పాస్‌వర్డులు పెట్టాను. యాప్‌కి రెండో తనిఖీ పెట్టాను. స్టిక్కరు పీకేశాను.

3. డీవీఆరుని మొత్తం చెరిపి కొత్త ఫర్మ్‌వేరు వేశాను. రెండేళ్ళు బయట పడుకున్న పెట్టెని అలాగే నమ్మకూడదు.

4. దాన్ని వేరే నెట్‌వర్కులో పెట్టాను. బయటికి 443, డీఎన్ఎస్, గడియారం కోసం 123, అంతే. మీ కెమెరా కంపెనీ ఇంకేమైనా కావాలని రాసుంటే అది కూడా, బయటికి మాత్రమే. రౌటరులో ఇంత వీలు లేకపోతే అతిథుల వైఫైలో పెట్టినా నయమే.

5. నేరుగా డీవీఆరులోకే వెళ్ళాల్సిన పని ఉన్నవాళ్ళు వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి. పబ్లిక్ ఐపీ ఉంటే దానికి ఒకే పోర్టు, తాళంచెవి లేనివాడికి అది తెరిచి ఉన్నట్టు కూడా తెలియదు.

6. చివరగా వైఫై ఆపి, ఫోను డేటా మీద నుంచి ఇంటి చిరునామాని తట్టి చూశాను. ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దం కోసమే ఇదంతా. కెమెరాలు మాత్రం అక్క ఫోన్లో ముందుకన్నా బాగా కనబడుతున్నాయి.

ఆ కుర్రాడికి ఇవన్నీ కూర్చోబెట్టి చూపించాను, డబ్బులూ ఇచ్చాను. వాడు బిగించిన మిగతా ఇళ్ళకి కూడా వెళ్ళి మారుస్తానన్నాడు. ఇల్లుకి ఇంతని ఇస్తానని నేనే ఒప్పుకున్నాను. రెండేళ్ళనాటి నా థాంక్స్‌కి అది జరిమానా అనుకోండి.

అమ్మకి కూడా జరిగింది జరిగినట్టు చెప్పాను. దాచుదామనిపించింది గానీ, ఇప్పటికే ఒకసారి తెలియక అబద్ధం చెప్పినవాణ్ణి, తెలిసి ఇంకొకటి చెప్పలేకపోయాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అందుకే రా నేను గుడ్డ కప్పింది. నువ్వే తిట్టావు" అంది.

హాల్లో కెమెరా తీసేశాం. నాన్న చేతికి నొక్కితే మోగే గంట ఒకటి కట్టాం. ఆయనకది నచ్చలేదు, కాఫీ కోసం కూడా నొక్కుతున్నారని అమ్మ గోల పెడుతోంది. ఫర్వాలేదు, అది మాలో మేము పడే గోల.

మీ ఇంటి రౌటరు ఈ వారమే తెరిచి చూడండి. ఏం కనబడిందో రాయండి. పాస్‌వర్డు మాత్రం రాయకండి బాబూ!